టెక్కలి ప్లగ్గులు, పలాస ప్లగ్గులు

మా నర్సరీ మొక్కలు దేశమంతా తిరుగుతాయి. వాటికి నీళ్లు పోసే మేము మాత్రం కడియంలోనే వేళ్లు తన్నుకుని ఉండిపోతాం. యాభై ఏళ్లు వచ్చినా నేను విశాఖపట్నం దాటి అవతలికి వెళ్లలేదు. ఉద్దానం అన్న మాట పేపర్లో చదవడమే. అదొక ఊరి పేరు అనుకునేదాన్ని. కాదని, శ్రీకాకుళం జిల్లా చివర సముద్రం పక్కన, ఇసుక నేలల్లో కొబ్బరీ జీడీ పనసా కలిసి పెరిగే ఊళ్లన్నిటినీ కలిపి అలా అంటారని ఈ జూలైలో వెళ్లొచ్చాకే తెలిసింది. వెళ్లని వాళ్లు మా పేటలో ఇంకా చాలామంది ఉన్నారు. అడిగినప్పుడల్లా మొదటినుంచీ చెప్పలేక ఒకసారి రాసి పెడుతున్నాను.

వెళ్లింది మొక్కల పని మీదే. పూండికి దగ్గర్లో ఒక పల్లె. తిత్లీ తుపానుకి కొబ్బరి తోటలు నేలకొరిగిన ఊళ్లలో అదొకటి. అక్కడి డ్వాక్రా సంఘం ఆడవాళ్లు కొందరు కలిసి మా దగ్గర కొబ్బరి మొక్కలు చెప్పారు. మా ఆడపడుచు రమణికి సొంత మినీ ట్రక్కు ఉంది. చిన్న పెట్రోలు బండి, రెండు సిలిండర్లది. తనే నడుపుతుంది. ఎప్పుడూ తోడు వెళ్లే వాళ్లాయనకి కంటి ఆపరేషను అయింది. "వదినా, నువ్వు రా. పక్కన కబుర్లు చెప్పేవాళ్లుంటే దారి తెలీదు," అంది. సరేనన్నాను.

బయల్దేరే ముందు రమణి రాజమండ్రిలో బండికి సర్వీసు చేయించి, కొత్త స్పార్క్ ప్లగ్గులు వేయించింది. మీరు నవ్వుతారేమో గాని, ఈ ప్రయాణంలో మేం ఎక్కడెక్కడ ఆగామో, ఎవరెవర్ని కలిశామో సగం ఆ ప్లగ్గులే నిర్ణయించాయి.

గులకరాళ్ల చప్పుడు

శ్రీకాకుళం దాకా బండి బాగానే వచ్చింది. నరసన్నపేట దాటాక, మధ్యాహ్నపు ఎండలో, నిండు లోడు మీద చిన్న ఎత్తు ఎక్కేటప్పుడల్లా సీటు కింద ఒక చప్పుడు మొదలైంది. రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టు. ఈ బండికి ఇంజను మేం కూర్చున్న సీటు కిందే ఉంటుంది. కాబట్టి ఆ రాళ్లు మా కిందే దొర్లుతున్నట్టుంది. మెల్లగా పోతే ఆగుతుంది, తొక్కితే మళ్లీ మొదలు. బండిలో లాగే బలం తగ్గింది.

"లోపల ఏదో ముందే అంటుకుంటోంది వదినా," అంది రమణి. నాకు అర్థం కాలేదు. పొయ్యి వెలిగించకుండానే మంట రావడం లాంటిదని చెప్పింది. అప్పుడు ఇంకా భయం వేసింది.

ఈడ్చుకుంటూ టెక్కలి చేరేసరికి పొద్దు వాలింది. హైవే పక్కన వరసగా గ్రానైటు లారీలు ఆగి ఉన్నాయి. ఒక్కో లారీ మీద ఒకటో రెండో రాళ్లు, అంతే. కాని ఒక్కో రాయి మా వంటగదంత ఉంది. నీలి రంగు గ్రానైటు, లోపల మెరుపు. మా వైపు ఇలాంటిది పూజగది గడపకి ముక్కగా చూస్తాం. టీ కొట్టు దగ్గర ఒక లారీ డ్రైవరుని, మంచి ప్లగ్గులు ఎక్కడ దొరుకుతాయని అడిగాను. ఆయన గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు.

"మా బండికి అసలు ప్లగ్గే ఉండదమ్మా. డీజిలు కదా, గాలి నొక్కుడుకే అంటుకుంటాది. మీరు అప్పన్న కాడికి ఎల్లండి. పెట్రోలు బళ్లు ఆయన సూత్తాడు."

ముక్కు పొడుగు, ముక్కు పొట్టి

అప్పన్న షెడ్డు బస్టాండుకి కాస్త అవతల ఉంది. నడివయసు మనిషి, నెత్తిన తువ్వాలు. బండి ఆపకముందే, "ఏటమ్మా, బండి దగ్గుతాంది?" అన్నాడు. ఆ మాటతీరు వినడానికి పాటలా ఉంటుంది. ప్రతి వాక్యం చివర కొంచెం పైకి లేచి, అక్కడే వేలాడుతుంది.

సీటు ఎత్తి, ఇంజను చల్లారేదాకా ఆగి, ప్లగ్గులు విప్పాడు. ఒకటి నా అరచేతిలో పెట్టాడు. చివర ఉన్న పింగాణీ సున్నం కొట్టినట్టు తెల్లగా అయిపోయింది. పక్కనున్న ఇనప కొన మీద చిన్న చిన్న పొక్కులు.

"సూడండి, ఎలగ కాలిపోనాదో. ఇది ఏడి ప్లగ్గు. లోడు బండికి ఇది ఎవులేసినారు?"

వేడి ప్లగ్గు అని ఆయన అనడం. రమణి మొహం ఎర్రబడింది. షాపువాడు మరలు సరిపోయాయి గదా అని ఇచ్చాడు, ఈవిడా వేయించుకుంది. అప్పన్న కొత్త ప్లగ్గు ఒకటి తీసి పాతదాని పక్కన నిలబెట్టాడు. నాకు రెండూ కవల పిల్లల్లా కనిపించాయి. ఆ మాటే అన్నాను.

"పైకి అలగే ఉంటాయమ్మా. మరలు ఒకటే, పొడుగూ ఒకటే. లోపల పింగాణీ ముక్కు సూడు. ముక్కు పొడుగైతే ఏడి దాసుకుంటాది. పొట్టిదైతే బేగి ఒగ్గేత్తాది. లోడేసుకుని హైవే మీద గంటలు గంటలు ఎల్లే బండికి ఏడి పోవాల. పోకపోతే ఆ ముక్కే నిప్పుకణికైపోయి, రవ్వ రాకముందే పెట్రోలు అంటించీత్తాది."

మరి చల్లటి ప్లగ్గు వేసేస్తే గొడవ వదిలిపోతుంది కదా అని నేనంటే ఆయన తల అడ్డంగా ఊపాడు. ప్లగ్గుకి కొంచెం వేడి ఉండాలట. లేకపోతే ముక్కు మీద పడ్డ మసి కాలిపోదు, పేరుకుంటుంది. ఆయన దగ్గర ఆ రోజు ఉన్నవి మరీ చల్లటివి. మా బండికి చెప్పిన నంబరు వాటిలో లేదు.

"ఇయ్యి ఏత్తాను. హైవే మీద మీకు డోకా నేదు. సందుల్లో నెమ్మదిగా తిప్పితే మాత్రం మసి పడతాది. పలాసలో సరైన నంబరు దొరికితే మార్చీయండి."

రమణి పాత ప్లగ్గులు కూడా అడిగి తీసుకుంది. "కాలిపోనాయి కదమ్మా, ఏటి సేసుకుంటావు?" అన్నాడు అప్పన్న. ఆవిడ ఏదీ పారెయ్యదు. గుడ్డలో చుట్టి డాష్‌బోర్డు అరలో పడేసింది. వాటితో ఏమి అవసరం పడుతుందని నేనూ నవ్వాను.

ఆ రాత్రికి టెక్కలిలోనే లాడ్జిలో పడుకున్నాం. పొద్దున్నే బజారులో ఒకావిడ పెద్ద తపేలాతో చోడంబలి అమ్ముతోంది. మేం రాగిజావ అనేదే. మేమైతే మజ్జిగ కలిపి చప్పగా తాగుతాం, అదీ డాక్టరు చెబితే. అక్కడ గ్లాసుడు అంబలికి ఒక పచ్చి ఉల్లిపాయ, వేయించిన ఎండు నెత్తళ్లు, అంటే చిన్న చేపలు, నాలుగు ఇస్తారు. పదిహేను రూపాయలు. పొద్దున్నే చేపా అని ముందు మొహం చిట్లించి, తర్వాత రెండో గ్లాసు కూడా తాగాను.

ఆదివారం పలాస

అప్పన్న చెప్పినట్టే బండి హైవే మీద నోరెత్తకుండా పరిగెత్తింది. పలాస చేరాక సరైన ప్లగ్గులు కొందామంటే ఆదివారం. పలాసని ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో విడిభాగాల దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. బండి ఎలాగూ బాగా నడుస్తోంది కదా, రేపు చూద్దాంలే అనుకున్నాం.

పలాసని ముందు ముక్కుతో చూడాలి. ఊళ్లోకి వస్తూనే కాల్చిన జీడిపిక్కల వాసన. కమ్మగా మొదలై గొంతులోకి వెళ్లేసరికి ఘాటుగా మారుతుంది. దుకాణాల్లో జీడిపప్పు గుట్టలు, మా దగ్గర బియ్యం పోసినట్టు. గుండువి, బద్దలు, ముక్కలు అని ఎన్ని రకాలో, ఎన్ని ధరలో. నేను ముక్కలు కొన్నాను. పాయసంలో పడ్డాక గుండు ఏది, ముక్క ఏది? ఒక దుకాణం అరుగు మీద కూర్చున్న ఆడమనిషి వేళ్లు నల్లగా ఉంటే, గోరింటాకు ఎక్కువగా పండిందేమో అనుకున్నాను. పిక్క కొట్టేటప్పుడు కారే జీడి నూనె అట అది. చర్మం ఊడితే తప్ప పోదట. ఆ చేతుల్తోనే ఆవిడ నాకు పప్పు పొట్లం కట్టి ఇచ్చింది. ఆ తర్వాత ఆ పప్పు నోట్లో వేసుకున్నప్పుడల్లా ఆ వేళ్లే కనబడుతున్నాయి.

ఇసుక సందులు

పూండి వైపు తిరిగాక నేల తెల్లబడింది. దారికి రెండు వైపులా జీడి తోటలు, మధ్యలో పనస చెట్లు, వాటి మొదట్లో చేతికందే ఎత్తులో కాయలు. కొబ్బరి చెట్ల మధ్య అక్కడక్కడ తలలు లేని మోళ్లు ఇంకా నిలబడే ఉన్నాయి. మొక్కలు అమ్ముకునే దాన్ని కదా, ఆ మోళ్లని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

మొక్కలు చెప్పిన ధనలక్ష్మి ఊరి మొదట్లోనే ఎదురొచ్చింది. నలభై దాటిన మనిషి, గట్టి గొంతు. "రా అప్పా, రా. ఎప్పుడనగా తిన్నారో ఏటో," అని నా చెయ్యి పట్టుకుంది. అక్కని అక్కడ అప్ప అంటారు. ఫోనులో తప్ప ఎప్పుడూ చూడని మనిషి అప్పా అని పిలిస్తే, ఏదో బాకీ పడిన చుట్టరికం ఇప్పుడు కలిసినట్టు అనిపించింది.

మేం బండి దిగుతూనే కొబ్బరి బొండాలు కొట్టించింది. నాకిచ్చిన బొండాన్ని మర్యాదకి అరుగు మీద కూర్చున్న ఆమె భర్త వైపు చాపాను. ఆయన నవ్వి చెయ్యి అడ్డం పెట్టాడు.

"మాకది పనికిరాదమ్మా. డయాలిసిస్సోళ్లకి బొండాం నీళ్లు ఇసంతో సమానం. జీడిపప్పూ అంతే. ఈ ఊళ్లో పండేదేదీ నాకు పడదు."

ఆయన పేరు ఢిల్లీశ్వరరావు. ఆ పేరు ఆ జిల్లాలో ప్రతి వీధికీ ఒకటి ఉంటుంది. ఢిల్లీ చూశారా అని అడిగాను. "పోర్టుబ్లెయిరు ఎల్లాను గాని ఢిల్లీ ఎల్లనేదు," అన్నాడు. అండమాన్లో బోట్ల మీద పనిచేసి, తిరిగొచ్చి ఇక్కడే చేపల వేట చేసుకుంటుంటే కిడ్నీలు పోయాయి. ఇప్పుడు సోమవారం, గురువారం పలాస ఆసుపత్రిలో డయాలిసిస్సు కుర్చీ. ఆ ఊళ్లో అది ప్రత్యేకంగా చెప్పుకోవలసిన సంగతి కాదు. మనం ఎవరింట్లోనైనా పెళ్లి కావలసిన పిల్లలున్నారా అని అడిగినట్టు, అక్కడ డయాలిసిస్సుకి వెళ్లేవాళ్లు ఎందరున్నారని అడుగుతారు.

కొబ్బరి కాపుకి రావాలంటే ఐదారేళ్లు పడుతుంది. ఆ నీళ్లు తాను తాగడు. అయినా ప్రతి మొక్కనీ ఆయన చేత్తో పట్టుకుని, మొదలు నొక్కి చూసి, ఏది ఏ గుంటలో వెయ్యాలో చెప్పాడు. గుంట అడుగున చెద పట్టకుండా ఉప్పు చల్లించాడు. "ఉప్పూ నాకు కూడదు. దీనికి కావాల," అని నవ్వాడు.

మిగతా మొక్కలు ఇంటింటికీ దించాలి. ఆ మధ్యాహ్నమంతా రమణి ఇసుక సందుల్లో మొదటి గేరులో బండి నడిపింది. పది గజాలు పోవడం, ఆగడం, ఇంజను ఆడుతూ ఉండగానే రెండు మొక్కలు దించడం, మళ్లీ పది గజాలు. సాయంత్రం అయ్యేసరికి బండి కుంటడం మొదలుపెట్టింది.

"ఒక సిలిండరు సరిగ్గా అంటుకోవట్లేదు," అంది రమణి. "రేపు పొద్దున్నే పలాస వెళ్లి ప్లగ్గులు మార్చేద్దాం."

మర్నాడు సోమవారం. ఎలాగూ పలాస వెళ్తున్నాం కదా, ఢిల్లీశ్వరరావుగారిని మేమే తీసుకెళ్తామని నేనే అన్నాను. ఆటోలో ఇరుక్కుని వెళ్లడం ఎందుకని నా ఉద్దేశం. ధనలక్ష్మి సంతోషపడి, ఎప్పుడూ వచ్చే ఆటో అతనికి ఫోను చేసి రావద్దని చెప్పేసింది.

రైలు గేటు దగ్గర

పొద్దున్నే చినుకు. ముందు రమణి, పక్కన ఢిల్లీశ్వరరావు కూర్చున్నారు. ధనలక్ష్మీ నేనూ వెనక ట్రాలీలో టార్పాలిన్ కప్పుకుని కూర్చున్నాం. క్యాబిను వెనక అద్దంలోంచి ఆయన తల వెనక భాగం కనబడుతోంది. గురువారం నుంచి నాలుగు రోజుల నీరు ఒంట్లో చేరి మెడ కూడా ఉబ్బి ఉంది. సోమవారం పొద్దున్న అలాగే ఉంటాడని, పడుకుంటే ఊపిరందక రాత్రంతా గోడకి ఆనుకుని కూర్చుంటాడని ధనలక్ష్మి చెప్పింది.

దారిలో రైలు గేటు పడింది. ఇంజను ఆపితే మళ్లీ అందుకోదేమోనని రమణి ఆడిస్తూనే ఉంచింది. గూడ్సు ఒకటి తాపీగా వెళ్లింది, దాని వెనక మరొకటి. గేటు లేచాక రమణి యాక్సిలరేటరు తొక్కింది. బండి ఒక్కసారి ఊగి, తుమ్మి, ఆగిపోయింది.

వెనక హారన్లు. నలుగురు దిగి మా బండిని పక్కకి నెట్టారు. రమణి తాళం తిప్పుతోంది, ఇంజను మూలుగుతోంది గాని అందుకోవట్లేదు. పెట్రోలు వాసన గుప్పుమంది.

"తిప్పకమ్మా," అన్నాడు ఢిల్లీశ్వరరావు. "తడిసిపోయుంటాది. బేటరీ సచ్చిపోద్ది." బోటు ఇంజన్లు చూసిన మనిషి. నెమ్మదిగా దిగి పక్కకి నిలబడ్డాడు.

సీటు ఎత్తి ప్లగ్గులు విప్పితే రెండూ బొగ్గుల్లా ఉన్నాయి. నల్లగా, తడిగా. అప్పన్న ఏమి చెప్పాడో అదే జరిగింది. నిన్నంతా సందుల్లో పేరుకున్న మసి, గేటు దగ్గర ఆడించినంత సేపటికీ పూర్తిగా పట్టేసింది.

"ఇంకెంతసేపు టైముంది?" అని ధనలక్ష్మిని అడిగాను. ఆమె భర్త మొహం వైపు చూసింది. పొద్దుటి షిఫ్టులో కుర్చీ ఖాళీగా కనిపిస్తే తర్వాతి వాళ్లని కూర్చోబెట్టేస్తారు. అది వాళ్ల తప్పు కాదు, బయట బల్లల మీద ఎదురుచూసేవాళ్లు అంతమంది. ఆటో రావద్దన్న మాట మాది.

రమణి డాష్‌బోర్డు అర తెరిచి గుడ్డమూట తీసింది. కాలిపోయిన ప్లగ్గులు.

"అవెందుకే? అవి పాడైపోయినవి కదా!" అన్నాను, కాస్త గట్టిగానే.

"ఖాళీ బండి వదినా. చినుకు పడుతోంది. మెల్లగా పోతాం. ఈ కాస్త దూరానికి మనకి కావలసింది వేడి ప్లగ్గే."

ఒక ప్లగ్గు కొన అరిగి రవ్వ దూకే సందు ఎక్కువైంది. రమణి పానాతో మెల్లగా తట్టి వంచింది. హ్యాక్సా బ్లేడు ముక్క ఆ సందులో దూర్చి చూసింది. బ్లేడు వదులుగా ఉంది. మళ్లీ తట్టింది. మరీ గట్టిగా తడితే పింగాణీ చిట్లుతుంది, ఇంక అంతే.

చినుకు వానయింది. ధనలక్ష్మి గొడుగు తెరిచి భర్త నెత్తిన పట్టింది. ఆయన కుడిచేత్తో ఆ గొడుగు లాక్కుని, తలుపులోంచి ఇంజను మీద జల్లు కొట్టకుండా అడ్డం పట్టాడు.

"నా మీద కాదే. ఆ కన్నాల్లో నీళ్లు పడ్డాయంటే ఇంక బండి లెగదు."

ఎడమ చెయ్యి మాత్రం చొక్కా లోపల పెట్టుకున్నాడు. నిలబడలేక ఊగుతున్నాడు. ధనలక్ష్మి చీర కొంగు తీసి ఆయన తల మీద కప్పి, వెనకనుంచి రెండు చేతులా పట్టుకుంది. నేను చూడలేక రోడ్డు మధ్యకి వెళ్లి నిలబడ్డాను.

జీడి ఫ్యాక్టరీకి వెళ్తున్న ఆడవాళ్లతో నిండిన ఆటో ఒకటి ఆగింది. నేను విషయం చెప్పడం పూర్తయ్యేలోపే లోపల్నుంచి ఒకావిడ, "ఓలమ్మో, డయాలిసిస్సా! దిగండే దిగండి, జాగా ఇయ్యండి," అని ఇద్దర్ని దింపేసింది. పని ఆలస్యమైతే వాళ్ల కూలీ తెగుతుంది. ఆ మాటే ఢిల్లీశ్వరరావు అన్నాడు. "ఊరుకో బాబూ, రేపు మా ఇంట్లో ఒకలు నీలాగే ఆటో ఎక్కరా ఏటి?" అంది ఆ దిగిన ఆవిడ, వానలో తడుస్తూ.

ఆయన ఆటో వైపు ఒక అడుగు వేశాడు. అప్పుడే రమణి తాళం తిప్పింది. ఒకసారి మూలిగింది. రెండోసారి గొట్టంలోంచి ఇంత నల్లటి పొగ వదిలి ఇంజను అందుకుంది. రెండు సిలిండర్లూ. ఆటోలో ఆడవాళ్లందరూ ఒక్కసారి కేరింతలు కొట్టారు. దిగిన ఇద్దరూ ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ మళ్లీ ఆటోలోకి దూరారు.

రమణి రెండో గేరు దాటకుండా, పసిపిల్లని ఎత్తుకెళ్తున్నట్టు పలాస దాకా తీసుకెళ్లింది. ఆసుపత్రి గుమ్మంలో నర్సు ఎదురొచ్చి, "ఏటి మావయ్యా ఇవాళ ఇంతసేపు? మరొకలకి ఇచ్చీబోయాను కుర్చీ. రా బేగి," అంది. తలుపు మూసుకున్నాక రమణి ఆసుపత్రి కుళాయి దగ్గరికి వెళ్లి నల్లబడ్డ చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. చాలాసేపు కడుక్కుంటూనే ఉంది. నేను వెళ్లి వీపు మీద చెయ్యి వేసేదాకా ఏడుస్తోందని తెలియలేదు.

మూడు దుకాణాలు

ఆయన కుర్చీలో ఉన్నంతసేపూ మేం కాశీబుగ్గ బజారులో ప్లగ్గుల కోసం తిరిగాం. మొదటి దుకాణంవాడు మేం ఆడవాళ్లమని చూసి, నిగనిగలాడే పెట్టె తీశాడు. "ఇది ఇరీడియం మేడమ్. ఏస్తే మళ్లీ సూసుకోనక్కర్లేదు." ధర మామూలు ప్లగ్గుకి నాలుగింతలు. రమణి పెట్టె తిప్పి నంబరు చూసింది. వేడి నంబరు టెక్కలిలో వేసినదే, మరీ చల్లటిది. "ఎక్కువ కాలం మన్నుతుంది, నిజమే. కాని మసి దీనికీ పడుతుంది," అని తిరిగి ఇచ్చేసింది.

రెండో దుకాణంలో వేడి నంబరు సరిపోయింది గాని మరల భాగం పొడుగు. పాతదాని పక్కన నిలబెడితే అగ్గిపుల్ల తలంత తేడా. ఆ కాస్తకి ఏమవుతుందని అడిగాను. పొడుగైతే లోపల పైకి కిందికి ఆడే పిస్టను వచ్చి గుద్దుతుందట.

మూడో దుకాణం మేడ మెట్ల కింద ఉంది. అక్కడి పెద్దాయన అడిగిన ప్రశ్న నాకు నచ్చింది. ఏ బండి అని అడగలేదు. "ఈ బండి ఏటి పని సేత్తాది?" అన్నాడు.

రమణి ఆలోచించి చెప్పింది. నెలలో సగం రోజులు నర్సరీ సందుల్లో, ఖాళీగానో అరలోడు మీదో. సగం రోజులు నిండు లోడుతో హైవే. ఆయన వెతికి వెతికి, దుమ్ము పట్టిన డబ్బాలోంచి రెండు ప్లగ్గులు తీశాడు. బండి పుస్తకంలో రాసి ఉన్న నంబరే. అటు అప్పన్న ఇచ్చినంత చల్లనిదీ కాదు, ఇటు రాజమండ్రిలో వేసినంత వేడిదీ కాదు. మెట్ల మీదే కూర్చుని రమణి సందు కొలుచుకుంది, బిగించుకుంది. "మెకానిక్కు ఎవులమ్మా?" అన్నాడాయన. "నేనేనండి," అంది. ఆయన తన స్టూలు ఆవిడకి జరిపి, టీ చెప్పాడు.

ఇది రాస్తున్న ఈ రోజుకీ బండిలో అవే ప్లగ్గులున్నాయి. ఒక్క చప్పుడు లేదు.

టీ తాగుతూ నేను ఆలోచించినది వేరు. మంచి ప్లగ్గు ఏదని అడుగుతూ తిరిగాం గాని, మేం తిరిగిన మూడు రోజుల్లో చెడ్డ ప్లగ్గు ఒక్కటీ లేదు. కాలిపోయినవే ఆ పొద్దున్న మా పరువు కాపాడాయి. ఇంటికెళ్లాక వాటిని పారెయ్యమని రమణికి నేను చెప్పలేదు.

ఒడ్డు

మంగళవారం పొద్దున్నే తిరుగు ప్రయాణం. ముందు రోజు సాయంత్రం ఢిల్లీశ్వరరావు పాత జట్టు మనిషి ఒకడు పలకరించడానికి వచ్చి, వెళ్తూ వెళ్తూ, "రేపు ఏటకి వత్తావేటి బావా?" అన్నాడు. ధనలక్ష్మి చూసిన చూపుకి ఇంక మాట్లాడకుండా వెళ్లిపోయాడు. డయాలిసిస్సు మర్నాడు ఆయన ఒళ్లు తేలిగ్గా ఉంటుంది. తెల్లవారి లేచి చూస్తే మంచం ఖాళీ.

"బోటెక్కీసినాడు," అంది ధనలక్ష్మి. అరవలేదు. అరవకపోవడానికే నాకు భయం వేసింది. మేం సామాను సర్దుకుని, ఆమెని బండి ఎక్కించుకుని సరుగుడు తోటల మీదుగా ఒడ్డుకి తీసుకెళ్లాం. ఇసుక మెత్తబడ్డ చోట బండి ఆపి నడిచాం.

సముద్రం మా గోదావరిలా కాదు. గోదావరి మనల్ని పట్టించుకోకుండా తన దారిన పోతుంది. ఇది మనకేసే వస్తుంది, మళ్లీ వస్తుంది. ఆడవాళ్లు గంపలు బోర్లించి వాటి మీద కూర్చుని ఉన్నారు. బోట్లు ఒక్కొక్కటే వస్తున్నాయి. ధనలక్ష్మి కూర్చోలేదు.

"భయమేస్తోందా?" అని అడిగాను.

"పెళ్లైన కాడ్నించి ఈడే నిలబడ్డానప్పా. ఎన్ని తుపాన్లు సూసినానో. ఈ మూడేళ్లూ ఆసుపత్రి బల్ల మీద కూకుంటన్నాను. ఆ బల్ల కంటే ఇదే నయం."

నీలం రంగు బోటు ఒకటి అలల వరస దాటి ఇటు తిరిగింది. వెనక చుక్కాని దగ్గర కూర్చున్నది ఆయనే. కుడిచెయ్యి చుక్కాని మీద. ఎడమ చెయ్యి మోచేతి దాకా పాలిథిన్ కవరు చుట్టి, తాడుతో కట్టుకుని, గుండెకి ఆనించి పెట్టుకున్నాడు. అల వచ్చేదాకా ఆగి, దాని వీపు మీద బోటుని ఇసుకలోకి తెచ్చాడు. ఇద్దరు దిగి ఆయన్ని చంకల కింద పట్టి దింపారు.

తిట్లు మొదలవుతాయనుకున్నాను. ధనలక్ష్మి మోకాలి లోతు నీళ్లలోకి నడిచింది. ఆ ఎడమ చేతి తాడు విప్పి, కవరు తీసి, మణికట్టు పైన రెండు వేళ్లు ఆనించి కళ్లు మూసుకుంది. సూదులు దిగడానికి అక్కడ రక్తనాళాలు కలిపి కుడతారట. చర్మం కింద ఎప్పుడూ సన్నని అదురు ఉంటుంది. అది ఆగిపోయిందంటే సూది లేదు, కుర్చీ లేదు. పక్కనున్న ఒకావిడ ఈ మాట నాకు చెవిలో చెప్పింది.

"ఉందా?" అన్నాడు ఢిల్లీశ్వరరావు.

"ఉంది."

అల ఒకటి వచ్చి ఇద్దర్నీ తడిపి వెళ్లింది.

"ఏటి పడ్డాయి?" అంది, కళ్లు తెరవకుండానే.

"కవ్వళ్లు. నీకే."

ఆమె రెండో చేత్తో కొంగు పట్టింది, చేపలు పోయించుకోవడానికి. ఆ రెండు వేళ్లు మాత్రం ఆయన చేతి మీంచి తియ్యలేదు.